స్క్రీన్ మార్చి చూడు

పదేళ్ళ నుంచి జనం వాడుతున్న డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఒకటి మీ చేతికొచ్చింది. బూడిదరంగు విండోలు, పైన రెండు వరసల బుల్లి బుల్లి బొమ్మలు, ఎందుకున్నాయో రాసినవాడికి కూడా గుర్తులేని మెనూలు. మీ మేనేజరు దాన్ని చూసి ముక్కు చిట్లించి, మొహం మార్చమన్నాడు. మార్చేముందు యూజర్ల అభిప్రాయాలు తీసుకోమనీ, అన్నిటినీ సమతూకంగా చూడమనీ కూడా అన్నాడు. ఈ రెండో ముక్కే కొంప ముంచేది. అయినా కంగారు పడకండి. అందరి మాటా విన్నట్టే ఉండి, విన్న ఆనవాలు ఒక్కటి కూడా ప్రోడక్ట్‌లో కనబడకుండా చేసే పద్ధతులు ఈ రంగంలో ఎప్పటినుంచో ఉన్నాయి. పెద్ద పెద్ద కంపెనీలు కోట్ల మంది మీద ప్రయోగించి చూసినవే. వాటిని ఒకచోట చేర్చడం తప్ప ఇందులో నా సొంత తెలివి పెద్దగా లేదు.

ముందు కట్టేయండి, తర్వాత అడగండి

అభిప్రాయాలు ఎప్పుడు అడగాలన్నది మొదటి ప్రశ్న. డిజైన్ గీయకముందు అడిగితే జనం తమ పని గురించి చెప్పడం మొదలుపెడతారు. ఏ అంకె కోసం రోజూ మూడు విండోలు తెరవాల్సొస్తోందో, ఏ పొరపాటుకు ఓనరు చేత మాట పడుతున్నారో, ఏ రిపోర్టును ప్రింటు తీసి మళ్ళీ చేత్తో కూడుకుంటున్నారో అంతా ఏకరువు పెడతారు. అదంతా రాసుకున్నారంటే డిజైన్ దాని చుట్టూ తిరగాల్సిందే, మీరు ముచ్చటపడి ఎంచుకున్న ఊదారంగు ఎక్కడా ఇమడదు. అందుకని కోడ్ మొత్తం అయిపోయి, లాంచ్ తేదీ ప్రకటించి, కేకు ఆర్డరిచ్చాక అడగండి. అప్పుడు ఎవరేం చెప్పినా "మంచి సూచనండీ, తర్వాతి విడతలో తప్పకుండా చూస్తాం" అనొచ్చు.

ప్రశ్నలు కూడా ఆచితూచి రాయాలి. "ఈ సాఫ్ట్‌వేర్ మీద ఆఖరిసారి ఎప్పుడు విసుక్కున్నారు, అప్పుడు ఏం చేస్తున్నారు?" లాంటివి పొరపాటున కూడా అడగొద్దు, నిజం చెప్పేస్తారు. "కొత్త లుక్ మీకెంత నచ్చింది?" అని అడిగి కింద ఐదు నక్షత్రాలు పెట్టండి. మీది షాపుల్లో బిల్లు కొట్టే సాఫ్ట్‌వేరైతే, ఆ ప్రశ్న పెట్టె సరిగ్గా బిల్లు సగంలో ఉండగా తెర మధ్యలో లేవాలి. ఎదురుగా కస్టమరు నిలబడి ఉంటాడు కాబట్టి, కౌంటర్‌లో ఉన్నవాడు ఏ నక్షత్రం తగిలితే అది నొక్కి వదిలించుకుంటాడు. పెట్టెను మూసే గుర్తును ఐదో నక్షత్రానికి ఆనించి పెడితే మీ సగటు ఇంకా పెరుగుతుంది.

మీటింగులో ఎవడైనా చిన్నవాడు లేచి "ముందే అడిగుంటే బాగుండేదేమో సార్" అన్నాడనుకోండి, హెన్రీ ఫోర్డ్ గుర్రాల మాట ఎత్తండి. జనాన్ని అడిగితే కార్లు కాదు, ఇంకా జోరుగా పరిగెత్తే గుర్రాలు కావాలనేవారని ఆయన అన్నాడట. ఫోర్డ్ ఆ మాట అన్నట్టు ఆధారమేదీ దొరకలేదు. ఫరవాలేదు, మీటింగుల్లో ఆధారం అడిగినవాడు కూడా ఇంతవరకు దొరకలేదు.

కౌంటర్ దగ్గరికి మాత్రం వెళ్ళకండి

జేకబ్ నీల్సన్ అని ఈ రంగంలో పెద్దాయన ఒకరున్నారు. ఐదుగురు యూజర్లను కూర్చోబెట్టి, వాళ్ళు పని చేస్తుంటే పక్కనుంచి చూస్తే చాలు, లోపాలు చాలామటుకు బయటపడతాయని 2000లో రాశారు. వాళ్ళు చెప్పేదాని కంటే చేసేది చూడమని మరో సలహా. ఇంత చవకైన మాటల వల్ల మన వృత్తికి ఎంత నష్టమో ఆయన ఆలోచించినట్టు లేదు. ఐదుగురికి టీ తాగించే ఖర్చుతో తేలిపోయేదానికి ఇక కన్సల్టెంట్లు ఎందుకు, రెండొందల స్లైడ్లు ఎందుకు?

చూడ్డానికి వెళితే ఏమవుతుందో చెబుతాను వినండి. మీది మందుల షాపు సాఫ్ట్‌వేర్ అనుకోండి. సాయంత్రం ఏడున్నరకు, రద్దీగా ఉన్న షాపు కౌంటర్ వెనక నిలబడండి. బిల్లు కొట్టే కుర్రాడి కళ్ళు తెర మీద ఉండవు, డాక్టరు చేతిరాత మీద ఉంటాయి. ఎడమచేత్తో చీటీ పట్టుకుని కుడిచేత్తో మూడక్షరాలు కొడతాడు: డి, ఓ, ఎల్. కింది బాణం ఒకసారి, ఎంటర్. డోలో 650 వచ్చిందా లేదా అని చూడడు, వచ్చే ఉంటుంది. బ్యాచ్ అడుగుతుంది. గడువు ముందుగా తీరేది పైన ఉంటుందని అతనికి తెలుసు, ఎంటర్. ఎన్ని? నాలుగు, ఎంటర్. నాలుగు నొక్కిన ఆ చేత్తోనే కత్తెర అందుకుని స్ట్రిప్పులోంచి నాలుగు మాత్రలు కోస్తాడు. ఈలోగా పక్కనుంచి ఒకాయన "బాబూ, బీపీ మాత్రలున్నాయా?" అంటాడు. ఆయనకు తలూపుతూనే రెండో మందు పేరు కొట్టేస్తుంటాడు. మౌస్ ఎక్కడుందంటే, గల్లాపెట్టె వెనక, గ్లూకోజ్ పాకెట్ల కింద, వైరు చుట్టి ఉంటుంది.

ఇప్పుడు మీ కొత్త డిజైన్ గుర్తు తెచ్చుకోండి. ఒక్కో మందుకు గుండ్రటి మూలల కార్డు, దాని మీద మాత్ర ఫోటో. ఎన్ని కావాలో చెప్పడానికి ఒక కూడిక గుర్తు, ఒక తీసివేత గుర్తు. నాలుగు మాత్రలకు నాలుగు క్లిక్కులు, ముప్ఫై రోజుల షుగరు మాత్రలకు ముప్ఫై. బ్యాచ్‌లన్నీ నంబరు క్రమంలో ముచ్చటగా బారు తీరి ఉంటాయి, వచ్చే నెల గడువు తీరేది ఎక్కడో మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. ఆ కుర్రాడి పక్కన పది నిమిషాలు నిలబడితే వీటిలో ఒక్కటీ మిగలదు. మీ ఆర్నెల్ల కష్టం వాడి కత్తెర కిందకి వెళ్ళిపోతుంది. అందుకే వెళ్ళొద్దంటున్నాను.

వెళ్ళకపోవడం వల్ల ఇంకో లాభం ఉంది. కొత్త వెర్షన్ వెళ్ళిన మర్నాడు ఆ కుర్రాడు సపోర్టుకు ఫోన్ చేసి "అన్నా, స్లో అయిపోయిందన్నా, పాతదే పెట్టన్నా" అంటాడు. ప్రతి మందుకూ కీబోర్డు మీంచి చెయ్యి తీసి మౌస్ వెతుక్కోవాల్సి వస్తోందనీ, లైను వెనక పెరిగిపోతోందనీ, ఓనరు గుర్రుగా చూస్తున్నాడనీ వివరంగా చెప్పే తీరిక అతనికి లేదు. మీరు కౌంటర్ చూడలేదు కాబట్టి కంప్యూటర్ నెమ్మదించిందని అంటున్నాడనే అనుకోవచ్చు. ఎనీడెస్క్ పెట్టించి, స్క్రీన్ తెరుచుకునే సమయం కొలిచి, పాతదానికి పట్టిన దాంట్లో సగమే పడుతోందని స్క్రీన్‌షాట్‌తో సహా పంపించండి. కింద "సమస్య పరిష్కరించబడింది" అని కొట్టి ఫిర్యాదు మూసేయండి. అతను మళ్ళీ ఫోన్ చేయడు. చేయలేదంటే బాగుందనే.

కొన్నవాడే యూజరు

అయితే ఎవరి మాటా వినొద్దనడం లేదు. డబ్బులిచ్చేవాడి మాట వినాలి. షాపులో సాఫ్ట్‌వేర్ కొనేది ఓనరు, వాడేది కుర్రాడు. ఓనరు వారానికోసారి వచ్చి, ఆదాయం రంగు రంగుల చక్రంలో కనబడితే బాగుండునంటాడు. వెంటనే పెట్టండి, అదీ బిల్లు కొట్టే మొదటి తెర మీదే పెట్టండి. కౌంటర్ బయట నిలబడ్డవాళ్ళందరికీ ఆ షాపు రోజు వ్యాపారం ఎంతో కూడా తెలిసిపోతుంది, ఆ సౌకర్యానికి విడిగా రుసుం అక్కర్లేదు. ఆయన తర్వాత మీ ఎండీ గారి బావమరిది. ఆ తర్వాత, అర్ధరాత్రి లేచి పెద్ద పెద్ద మెయిళ్ళు రాసే ఒక అభిమాని ప్రతి ప్రోడక్ట్‌కూ ఉంటాడు, ఆయన. ఈ ముగ్గురూ అయ్యాక ఇంకా తీరిక మిగిలితే మిగతా ఇరవై వేల మంది. వాళ్ళు ఎలాగూ మెయిలు రాయరు, పనిలో ఉంటారు.

అంకెల చేత చెప్పించండి

నోటి మాట నమ్మనివారి కోసం టెలిమెట్రీ ఉంది. ఎవరు ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కారో సాఫ్ట్‌వేరే లెక్కగట్టి పంపుతుంది. ఇందులో మెళకువంతా ఏ నెల లెక్క తీశారన్న దాంట్లో ఉంది. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో సంవత్సరాంతపు ముగింపు బటన్ ఉంటుంది కదా, దాని వాడకం ఆగస్టులో చూడండి. సున్నా. తీసేయండి. మార్చి 31 దాకా పిట్ట కూడా అరవదు.

అంకెలను చేతిలో పెట్టుకుని కూడా దారి తప్పినవాళ్ళున్నారు. ఆఫీస్ 2007 తయారు చేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్ళు, ఒప్పుకున్న యూజర్ల నుంచి ఇలాంటి లెక్కలు గుట్టలుగా తెప్పించుకున్నారు. వర్డ్ 2003లో జనం వాడిన ఆదేశాల్లో పేస్ట్ ఒక్కటే 11 శాతం దాటింది. పేస్ట్, సేవ్, కాపీ, అన్‌డూ, బోల్డ్, ఈ ఐదూ కలిపితే దాదాపు 32 శాతం. ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ఐదు బటన్లు ఉంచి తక్కినవి మూడు గీతల గుర్తు కింద పాతిపెట్టాలి. కానీ ఆ డిజైన్ వెనకున్న జెన్సెన్ హారిస్ బృందం అలా చేయలేదు. మిగతా వాడకమంతా వందల ఆదేశాల మీద చెదిరి ఉందనీ, నాకు అక్కర్లేనిది మీకు రోజూ కావాల్సింది కావచ్చనీ గమనించారు. ఇంకో సంగతి కూడా వాళ్ళ కంటపడింది. కొత్తగా చేర్చమని జనం అడుగుతున్నవాటిలో చాలా అప్పటికే వర్డ్‌లో ఉన్నాయి, ఎక్కడున్నాయో దొరకడం లేదంతే. అడిగినవన్నీ చేర్చుకుంటూ పోతే దొరకనివి ఇంకా పెరుగుతాయి గానీ తరగవు. అందుకని ఉన్నవాటినే పనుల వారీగా ట్యాబుల కింద పరిచి, దానికి రిబ్బన్ అని పేరు పెట్టారు. జనం ఏళ్ళ తరబడి తిట్టారు. పాత మెనూలు తెచ్చిపెట్టే యాడ్-ఇన్లు అమ్ముకుని బతికినవాళ్ళూ ఉన్నారు. రిబ్బన్ మాత్రం అక్కడే ఉంది. అడిగింది చేయకుండా, అడగడానికి కారణమేమిటో వెతకడమంటే ఇంత చాకిరీ అని తెలియడానికే ఈ ఉదాహరణ చెప్పాను.

మనకు ఆదర్శం అంతకుముందరి ఆఫీస్ 2000. అందులో తక్కువగా వాడే ఆదేశాలు మెనూలోంచి వాటంతటవే మాయమయ్యేవి, కాసేపు ఎదురుచూస్తేనో, అడుగున జంట బాణాల గుర్తు నొక్కితేనో బయటికొచ్చేవి. ఏది ఎప్పుడు ఎక్కడుంటుందో యూజరుకు తెలియదు. మెనూ తెరిచిన ప్రతిసారీ ఉత్కంఠ.

వీళ్ళందరినీ మించినవాళ్ళు విండోస్ 8 వాళ్ళు. విండోస్ 7 వచ్చాక జనం రోజూ వాడే ప్రోగ్రాములను టాస్క్‌బార్‌కే పిన్ చేసుకుంటున్నారు, స్టార్ట్ మెనూ వాడకం తగ్గింది అని వాళ్ళ లెక్కల్లో తేలింది. ఏడాదికి రెండుసార్లే అటక ఎక్కుతున్నాం కదా అని నిచ్చెన అమ్మేసినవాడి తర్కాన్ని వాళ్ళు దీనికి వర్తింపజేశారు. 2012 అక్టోబర్ 26న విడుదలైన విండోస్ 8 తెరిస్తే ఎడమ మూల స్టార్ట్ బటన్ లేదు. మెనూ స్థానంలో తెరంతా నిండే రంగు పలకలు వచ్చాయి. కంప్యూటర్ ఆపాలంటే బాణాన్ని కుడివైపు మూలకు తీసుకెళ్ళి, అక్కడ లేచే పట్టీలో సెట్టింగ్స్, దాన్లో పవర్, ఆ తర్వాత షట్‌డౌన్. టచ్‌స్క్రీన్ మీద వేలితో చేసేవాళ్ళకు ఇవన్నీ బాగానే ఉండేవి. బల్ల మీద మౌస్‌తో కూర్చున్నవాళ్ళే ఎక్కువ మంది కావడం కేవలం దురదృష్టం.

ఇంకొక్క మాట. ఈ లెక్కలు పంపించడం ఆపేసే మీట ఒకటి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌ను లోతుగా తెలిసి వాడేవాళ్ళలో చాలామంది మొదట చేసే పని దాన్ని వెతికి ఆపేయడం. అంటే వాళ్ళ చేతులు మీ పట్టికలో లేవు. పట్టికలో లేనివాళ్ళు లోకంలో ఉన్నారని ఎందుకనుకోవాలి?

సమతూకం

ఇది తేలిక. నలభై మంది అక్షరాలు చిన్నగా ఉన్నాయి, కళ్ళు లాగేస్తున్నాయి అన్నారు. ఇంకో నలభై మంది ఒకే తెర మీద ఇంకా ఎక్కువ వరసలు పట్టాలన్నారు. అక్షరాలు ఒక్క పిసరు పెంచి వరసలు రెండు తగ్గించండి. ఎనభై మందీ సమానంగా అసంతృప్తి పడతారు, తూకం కుదిరింది. మొదటి నలభై మంది రోజుకు ఎనిమిది గంటలు దాని ముందే కూర్చునే యాభై దాటిన గుమాస్తాలా, రెండోవాళ్ళు నెలాఖరున ఒకసారి తొంగిచూసే ఆడిటర్లా అని ఆరా తీయొద్దు. ఆరా తీస్తే ఇద్దరికీ వేర్వేరు తెరలు కావాలని తేలి, పని రెట్టింపవుతుంది.

అలా కూడా తేలని గొడవలకు సెట్టింగ్స్‌లో తలా ఒక టిక్కు పెట్టండి. నూట నలభై టిక్కులు అయినా ఫరవాలేదు. మొదట్లో ఏది పెట్టి ఉండాలన్నది మాత్రం మీ ఇష్టం, ఎందుకంటే ఎక్కువ మంది ఆ గది తలుపే తియ్యరు. ఈ విషయంలో బ్లెండర్ వాళ్ళు చేసింది చూసి చెడిపోకండి. త్రీడీ బొమ్మల ఈ సాఫ్ట్‌వేర్‌లో ఏళ్ళ తరబడి వస్తువును ఎంచుకోవాలంటే మౌస్ కుడి బటన్ నొక్కాలి. కొత్తవాళ్ళు లబోదిబోమనేవారు, పాతవాళ్ళు అదే సరైన పద్ధతని వాదించేవారు. 2019 జూలైలో వచ్చిన 2.80లో ఎడమ బటన్‌ను మామూలు చేశారు. కానీ మొదటిసారి తెరవగానే, ఏ బటన్ కావాలో అక్కడే అడిగారు. పాతవాళ్ళు కుడి నొక్కుకున్నారు, కొత్తవాళ్ళు ఎడమ, ఎవరి పని వాళ్ళది. ఒక్కడు కూడా ఏడవకుండా చేసిన మార్పును మార్పని ఎలా అంటాం?

వేళ్ళు నేర్చిన చదువు

తెలుగునాట డీటీపీ సెంటర్లకు వెళ్ళి చూడండి, అంటే వెళ్ళొద్దనే నా సలహా, మాటవరసకు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అడోబ్ దాన్ని అక్కడితో ఆపేసి జనాన్ని ఇన్‌డిజైన్ వైపు నడవమంది. ఇన్నేళ్ళయినా మన ఊళ్ళలో శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు అదే పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో పడుతూ ఉన్న చోట్లు ఉన్నాయి. ఆపరేటరు రాతప్రతి వంక చూస్తూ, తెర వంక చూడకుండా, ఒత్తులూ దీర్ఘాలూ పడాల్సినచోట పడేలా కొట్టుకుంటూ పోతాడు. పాత ఫైళ్ళన్నీ ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. అవి యూనికోడ్ కావు కాబట్టి ఇంకెక్కడికి కాపీ చేసినా అడ్డదిడ్డమైన గుర్తులు దిగుతాయి. పైగా ఆ కీబోర్డు అతని వేళ్ళలో ఉంది. బుర్రలో లేదు, అందుకే "ష్ణ ఎలా కొడతారు?" అని అడిగితే గాల్లో వేళ్ళు ఆడించి చూసుకుని గానీ చెప్పలేడు. ఇది నైపుణ్యమని పొరబడే ప్రమాదముంది. మీ రిపోర్టులో దీన్ని "మార్పు పట్ల విముఖత" అని రాయండి.

విముఖతకు మందు షార్ట్‌కట్ కీలు తారుమారు చేయడమే. 2020లో టాలీ ప్రైమ్ వచ్చినప్పుడు మెనూలను బాగానే కదిపారు. కొన్ని కీలూ మార్చారు, కంట్రోల్ ఎఫ్8తో తెరుచుకునే క్రెడిట్ నోట్ ఆల్ట్ ఎఫ్6కి వెళ్ళింది. కానీ ఎఫ్5 పేమెంటు, ఎఫ్6 రిసీటు, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు, ఇలా అకౌంటెంటు రోజంతా కొట్టే కీలను ముట్టుకోనేలేదు. సమయం వచ్చినప్పుడు చెయ్యి వణికిందన్నమాట. మీరు అలా చేయకండి. సేవ్ ఉన్న కీ మీద డిలీట్ పెట్టండి. ఒక్క రోజులో అందరి దృష్టీ తెర మీదికొస్తుంది.

పాతదాన్ని అదే రోజు తీసేయండి

రెండూ కొన్నాళ్ళు పక్కపక్కన ఉంచితే జనం పోల్చి చూస్తారు. 2011 జూన్‌లో యాపిల్ తన వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ ప్రో టెన్ విడుదల చేసినప్పుడు పాత ఫైనల్ కట్ అమ్మకం ఆపేసింది. కొత్తది వేగంగా పనిచేసేది, చవక కూడా, 299 డాలర్లు. పాతదాంట్లో సగం కోసి పెట్టుకున్న సినిమా మాత్రం కొత్తదాంట్లో తెరుచుకోదు. నాలుగు కెమెరాల దృశ్యాలు కలిపి కోసే మల్టీక్యామ్ లేదు. ఎడిటర్లు గగ్గోలు పెట్టారు, ఎందరో ప్రీమియర్‌కో అవిడ్‌కో వెళ్ళిపోయారు. ఆ తర్వాత యాపిల్ మెత్తబడి పాతదాన్ని మళ్ళీ కొన్నాళ్ళు అమ్మింది, 2012 జనవరిలో మల్టీక్యామ్ చేర్చింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇష్టపడి వాడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, చెడ్డదేం కాదు. జూన్‌లో రీలు సగంలో ఉన్నవాడికి జనవరి సంగతి చెప్పి ఏం లాభం అంటారా? అలాంటి ప్రశ్నలు వేసేవాళ్ళను లాంచ్ కమిటీలో పెట్టుకోకండి.

ముహూర్తం కూడా చూసుకోవాలి. అకౌంట్స్ సాఫ్ట్‌వేరైతే నెలలో 19వ తేదీ సాయంత్రం దివ్యంగా ఉంటుంది. మర్నాడు జీఎస్టీఆర్-3బీ గడువు. 10వ తేదీ కూడా మంచిదే, 11న జీఎస్టీఆర్-1. శుభలేఖల సాఫ్ట్‌వేర్ అయితే మాఘమాసం దాటనివ్వకండి. అప్‌డేట్‌ను అడక్కుండా రాత్రికి రాత్రి దించేయండి.

తిట్లు వచ్చినప్పుడు

వస్తాయి. తిట్టేవాడిలో భయం, దుఃఖం ఉంటాయని, నాలుగు తిట్ల మధ్య ఒక పనికొచ్చే వాక్యం ఉంటుందని కొందరు ఓపిగ్గా చదువుతారు. మీకంత సమయం లేదు. నచ్చకపోతే నువ్వే రాసుకో అనేయండి. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చి, లైనక్స్ డెస్క్‌టాప్‌లో విండో చిన్నదీ పెద్దదీ చేసే బటన్లు కూడా లేకుండా చేసింది. లైనక్స్ పుట్టించిన లైనస్ తోర్వాల్డ్స్ అంతటివాడు అందరి ముందూ చిరాకుపడి ఇంకో డెస్క్‌టాప్‌కు మారిపోయాడు. మిగతావాళ్ళు నిజంగానే రాసుకున్నారు. పాత గ్నోమ్ 2ను అలాగే కొనసాగిస్తూ మాటే, పాత పద్ధతి తెర కోసం సినమన్ పుట్టాయి. రెండూ ఇంకా నడుస్తున్నాయి. చూశారా, మనం వినకపోవడం వల్ల ఎంత సృజన జరిగిందో.

ఇంకా తెలివైన మార్గం, వాళ్ళు రాసుకున్నదాన్ని కూడా కొన్నాళ్ళకు పనిచేయకుండా చేయడం. 2014 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ 29 రూపం మారినప్పుడు, పాత రూపు తెచ్చిపెట్టే క్లాసిక్ థీమ్ రెస్టోరర్ అనే యాడ్-ఆన్‌తో చాలామంది సర్దుకున్నారు. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా యాడ్-ఆన్లన్నిటినీ ఆపేసింది, దాంతో అదీ పోయింది. అలా మార్చడానికి వేగం, భద్రత వంటి గట్టి కారణాలే ఉన్నాయి. మీకు కారణం ఉండాలన్న నియమమేం లేదు.

వెనక్కి తగ్గాల్సి వస్తే

ఒక్కోసారి తప్పదు. పెద్ద కస్టమరు కాంట్రాక్టు వెనక్కి తీసుకుంటానంటాడు, ఎండీ గారి బావమరిది కూడా పాతదే బాగుందంటాడు. అప్పుడు అడిగినదాన్ని అక్షరాలా ఇవ్వండి, అంతకు మించి ఒక్క రవ్వ కూడా ఇవ్వకండి. స్టార్ట్ బటన్ కావాలని లోకమంతా గోల పెడితే 2013 అక్టోబర్‌లో విండోస్ 8.1తో బటన్ తిరిగొచ్చింది. నొక్కితే మెనూ రాలేదు, ఏ రంగు పలకల నుంచి పారిపోవాలనుకున్నారో అవే వచ్చాయి. బటన్ అడిగారు, బటన్ ఇచ్చారు. మెనూ కోసం 2015 జూలై 29న విండోస్ 10 వచ్చేదాకా ఆగాలి. ఈలోగా పాత మెనూను తెచ్చిపెట్టే స్టార్ట్8 అనే చిన్న ప్రోగ్రాము 5 డాలర్లకు ఒక సెంటు తక్కువకు అమ్ముడైంది.

ఆ డబ్బులు బయటివాడికి పోనివ్వడం మాత్రం పొరపాటే. మందుల షాపు సాఫ్ట్‌వేర్‌లో అంకె కొట్టి ఎంటర్ నొక్కే పాత పెట్టెను మీరే తిరిగి తీసుకురండి. "పాతది" అన్న మాట ఎక్కడా రానీయకండి, "స్మార్ట్ ఎంట్రీ" అనండి. వీడియో తీయించండి, అందులో తెల్లకోటు వేసుకున్న నటుడు నాలుగు అని కొట్టి, ఎంటర్ నొక్కి, నాలుగు మాత్రలు పడ్డాయని విస్తుపోవాలి. దాన్ని ప్రీమియం ప్లాన్‌లో పెట్టండి. ఏడాదికి రెండు వేలు, జీఎస్టీ అదనం.